పడుగు మిగులుతుందనుకుంది

ఆలూరు, గోనెగండ్ల వైపు కూలికి పోయే తల్లులు చాలామందికి మహేశ్వరి గొంతు తెలుసు. మనిషి తెలియదు. పొద్దున పత్తిచేలో ఒంగి ఉండగా రొంటిన దోపుకున్న ఫోను మోగుతుంది. ఎత్తితే ఒక ఆడగొంతు ఎక్కడా తడబడకుండా, "మీ బిడ్డ ఈ దినం బాలవాడికి రాలేదు. ఎందుకు రాలేదో ఆయమ్మకు చెప్పండి" అంటుంది. మారు మాట్లాడేలోపు పెట్టేస్తుంది. కొందరు దానితో కొట్లాడబోయారు. "జొరమని నిన్ననే సెప్తిని కదమ్మా, నీకేమన్నా సెవుడా?" అని తిట్టినవాళ్ళున్నారు. ఆ గొంతుకు ఏదీ వినపడదు. ఆదోనిలో ఒక మేడమీది ఆఫీసులో ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, ఒక్కసారి రికార్డు చేసిన గొంతు అది. వేరే మనిషిని పిలిపించే స్తోమత ఆ బాలవాడులు నడిపే సంస్థకు లేక, ప్రోగ్రాము రాసిన మనిషే మాట కూడా చెప్పింది.

మహేశ్వరిది ఎమ్మిగనూరు. నేతగాళ్ళ వీధి. సంస్థ వాళ్ళ వార్షిక నివేదికలో "సొంత ప్రాంతానికి సేవ చేయాలని బెంగళూరు ఉద్యోగం వదులుకుని వచ్చిన యువతి" అని అచ్చు వేశారు. అది అబద్ధం, అందులోనూ అనవసరమైన అబద్ధం. బెంగళూరులో ఆమె చేరిన కంపెనీ మూతబడింది. అదే ఏడు ఎమ్మిగనూరులో నాన్నకు చూపు మందగించింది. రెండూ కలిసొచ్చి ఆమె బస్సెక్కింది. ఆదోనిలో ఈ పని దొరికితే చేరింది, రోజూ పొద్దున బస్సులో పోయి సాయంత్రం బస్సులో వచ్చేది. పెళ్ళెప్పుడని వీధివాళ్ళు అడిగి అడిగి అలిసిపోయారు. ఇంతకంటే త్యాగం ఆ జీవితంలో ఏమీ లేదు. పని బాగా చేసేది. నివేదికలో రాయదగ్గ మాట అదొక్కటే, అదే రాయలేదు.

నాన్న కాశప్పది గుంట మగ్గం. చిన్నప్పుడు మహేశ్వరి పుస్తకం పట్టుకుని ఆ మగ్గం పక్కనే కూర్చునేది. నిలువు దారాలు పడుగు, అడ్డంగా అటూ ఇటూ తిరిగే నాడె తెచ్చేది పేక. ఒక పడుగు ఎక్కించితే వరసగా ఎన్నో చీరలు దిగుతాయి. అంచు మారుతుంది, పేక రంగు మారుతుంది, పడుగు అదే. చీర ఒకటి పూర్తయ్యాక కోసి తీసేస్తే, మిగిలిన పడుగు మగ్గం మీదే ఉంటుంది. చివరికి అదీ అయిపోవస్తే, దాని కొసలకే కొత్త దారాలు అతుకుతారు. "సీర పోతాదిమ్మే, పడుగు పోదు" అనేవాడు కాశప్ప. వేదాంతంగా అనలేదు. చీర కోసేటప్పుడు పిల్ల కత్తెర పట్టుకుని భయపడుతుంటే, కొయ్యి ఏం కాదులే అని చెప్పడానికి అన్నాడు.

ఆయన పోయినప్పుడు మగ్గం మీద సగం చీర ఉంది. నూలు ఇచ్చినవాళ్ళు మనిషిని పంపి, నేసినంత మేర కోయించుకుని తీసుకుపోయారు. పడుగు మిగిలింది. దాని మీద మహేశ్వరి ఒక పాత దుప్పటి కప్పింది. ఇప్పటికీ తీయలేదు.

ఈ నేతగొడవ ఎందుకంటే, ఆమె కంప్యూటరు పనిని కూడా నేతతోనే అర్థం చేసుకుంది. కూలితల్లుల పిల్లల్ని పగలంతా చూసుకునే బాలవాడులు సంస్థకు ఊరూరా ఉన్నాయి. పిల్లలు, తల్లులు, ఆయమ్మలు, అందరి వివరాలూ ఒకచోట పెట్టాలి. మహేశ్వరి జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో ముందు 'మనిషి' అని ఒక పట్టిక కట్టింది. పేరు, ఊరు, ఫోను, ఫొటోలు అందులో. ఎవరైనా ముందు మనిషే కదా. దాని మీద 'పిల్ల', 'తల్లి', 'ఆయమ్మ' అని వేరే పట్టికలు. పిల్ల ఏ బాలవాడి, బరువెంత, రాకపోతే ఎవరికి ఫోను పోవాలి, ఇవన్నీ 'పిల్ల'లో. అంటే ఒక్కో పాప రెండు చోట్ల ఉంటుంది, రెంటికీ మధ్య ఒక ముడి ఉంటుంది. ఈ పద్ధతికి ఆ వృత్తిలో వారసత్వమని పేరు. కింది పట్టికను పేరెంట్ అంటారు, పైదాన్ని చైల్డ్ అంటారు. మహేశ్వరి మాత్రం మనసులో కిందిదాన్ని పడుగనీ పైదాన్ని చీర అనీ అనుకుంది. అలా అనుకున్నాక పని చకచకా సాగింది. ఉపమానాలతో వచ్చే చిక్కే ఇది. తొంభైతొమ్మిది చోట్ల సాయం చేసి నూరోచోట ముంచుతాయి.

ఫొటోల సంగతి కూడా చెప్పాలి. డబ్బిచ్చే పెద్దమనుషులు ఎక్కడో ఉంటారు. పిల్లలు నిజంగా వస్తున్నారో లేదో వాళ్ళకు రుజువు కావాలి. అందుకని రోజూ పొద్దున ఆయమ్మ బాలవాడి గడప బయట ట్యాబు పట్టుకుని నిలబడుతుంది. పిల్ల గడప మీద నిలబడి ఇటు తిరుగుతుంది. ఫొటో. లోపలికి పోతుంది. తర్వాతి పిల్ల. పేదవాళ్ళ మీద అపనమ్మకంతో మొదలైన పనే అయినా, దానివల్ల ఒక విచిత్రం జరిగింది. ఇంట్లో ఒక్క ఫొటో కూడా లేని పిల్లలకు రోజుకొకటి చొప్పున ఫొటోలు పోగుపడ్డాయి.

ఆలూరు దాటాక ఒక ఊళ్ళో ఉచ్చీరమ్మ కూతురు రాధిక అలాంటి పిల్లే. అందరికంటే ముందొచ్చేది. ఉచ్చీరమ్మ కూలి ఆటో పొద్దున్నే కదులుతుంది కనుక, ఆయమ్మ గోవిందమ్మ గడప ఊడ్చేవేళకే తల్లీబిడ్డా వచ్చి నిలబడేవాళ్ళు. మొదటి ఫొటో రాధికది. రెండోది పక్కింటి పావనిది.

మిరపకాయల కాలం వచ్చింది. ఆ కాలంలో ఈ పడమటి ఊళ్ళు సగం ఖాళీ అవుతాయి. సంసారాలు సంసారాలే గుంటూరు వైపు కోతలకు పోతాయి, పిల్లల్నీ వెంట తీసుకుపోతాయి. ఉచ్చీరమ్మ పోలేదు. బిడ్డ బాలవాడిలో రెండు పాటలు నేర్చుకుందని, ఈ ఏడు ఇక్కడే ఉంటానని మొగుణ్ణి ఒక్కణ్ణే పంపింది. ఆ నెలలోనే రాధికకు జ్వరం వచ్చింది. ఆసుపత్రికి తీసుకుపోయారు. బతకలేదు.

గోవిందమ్మ ఆఫీసుకు ఫోను చేసింది. లైను సరిగ్గా లేదు. ఎత్తింది మహేశ్వరే.

"మేడం, రాధిక పోయిందమ్మా."

"మిరపకాయలకా? వాళ్ళమ్మ ఈసారి పోనన్నిందని సెప్తివి కదా."

అవతల ఏదో అన్నది. గాలి చప్పుడు. తర్వాత లైను తెగింది.

ఆ వారమంతా వచ్చిన ఫోన్లన్నీ అవే. ఫలానా పిల్ల పోయింది, ఫలానా ఇల్లు మొత్తం పోయింది. సంతకు పోయినా పోయినాడే, సుగ్గికి, అంటే కోతల వలసకు, పోయినా పోయినాడే, మళ్ళీ రాకుండా పోయినా పోయినాడే. మాట ఒకటే. ఏది ఏ పోవడమో గొంతును బట్టి తెలుసుకోవాలి. గొంతులో ఉన్నదాన్ని ఆ లైను మింగేసింది. మహేశ్వరి రాధిక పేరుకెదురుగా 'వలస' అని గుర్తు పెట్టింది. వలస పోయినవాళ్ళకు ఫోను ఆపకూడదని సంస్థ నియమం. పిల్లను తీసుకుపోతే రోజూ గుర్తుచేస్తుంటే సిగ్గుపడి వెనక్కి తెస్తారని అమర్‌నాథ్ సార్ నమ్మకం.

అమర్‌నాథ్ ఆదోని పత్తి వ్యాపారుల ఇంటి మనిషి. అంగడి అన్నదమ్ములకు వదిలేసి ఈ సంస్థ పెట్టుకున్నాడు. మంచివాడే. మంచిమాట చెప్పకుండా ఉండలేకపోవడమే ఆయన జబ్బు.

కాబట్టి బిడ్డను మట్టిలో పెట్టిన తల్లికి రోజూ పొద్దున ఫోను మోగింది. మీ బిడ్డ ఈ దినం రాలేదు. ఎందుకు రాలేదో చెప్పండి.

ఒక మధ్యాహ్నం ఉచ్చీరమ్మ ఆదోని వచ్చి, అడుగుతూ అడుగుతూ మేడమెట్లెక్కింది. చేతిలో ఫోను, మీటలది. గుమ్మంలో నిలబడి, "ఈడ రోజూ ఫోను జేసే ఆమె ఎవురు?" అంది.

"ఎవురు గావాలక్కా?" అంటూ మహేశ్వరి లేచింది.

ఉచ్చీరమ్మ ఆమెను పైనుంచి కిందికి చూసింది. "నువ్వే. ఇదే గొంతు."

"కూసో అక్కా. మీది ఏ ఊరు?"

"ఊరు తెలీకుండానే ఫోను జేస్తాంటివా? రాలేదు రాలేదంటావే, యాడికి వస్తాదిమ్మా నా బిడ్డ? మట్టిలోంచి లేసి వస్తాదా? ఎందుకు రాలేదో నువ్వే సెప్పు. గొంతు బాగుండాది గదా, సెప్పు."

మహేశ్వరికి అప్పుడు తెలిసింది ఆ 'పోయింది' ఏ పోయిందో. లోపలి గదిలోంచి అమర్‌నాథ్ వచ్చాడు. సంగతి విన్నాడు. తల వంచుకున్నాడు. అక్కడితో ఊరుకోవలసింది.

"బాధపడకు తల్లీ. అంతా పైవాడి లెక్క."

"పైవానికి లెక్కలు రావు సార్" అంది ఉచ్చీరమ్మ. "వచ్చింటే నాకుండేది ఒగతేనని తెలిసిండేది."

టీ తెప్పించారు. ఉచ్చీరమ్మ తాగింది. ఏడ్చినవాళ్ళు టీ తాగరని, అన్నం తినరని కథల్లో రాస్తారు. పొద్దున బయల్దేరి ఎండలో వచ్చిన మనిషి, గొంతెండిపోయింది, తాగింది.

"రేపట్నుంచి ఫోను రాదక్కా" అంది మహేశ్వరి.

"రేపట్నుంచి కాదు. ఇప్పుడే తీసెయ్. నేను సూస్తాండగా తీసెయ్."

పట్టికలో 'వలస' అని ఒక గడి ఉంది, 'బడిలో చేరింది' అని ఒక గడి ఉంది. చావుకు గడి లేదు. నాలుగేళ్ళ పిల్లల పట్టికలో ఆ గడి పెట్టాలని ఎవరికి తోస్తుంది? బడిలో చేరిందని అబద్ధం పెట్టడానికి చేయి రాలేదు, ఇక 'పిల్ల' పట్టికలోంచి రాధిక వరుసను తీసేయడమే దారి. మహేశ్వరి ఒక్క క్షణం ఆలోచించింది. 'పిల్ల'ను తీసేస్తే ఫోను ఆగుతుంది. 'మనిషి' ఎలాగూ ఉంటుంది. పేరు, ఫొటోలు ఉంటాయి. చీర కోస్తాం, పడుగుంటుంది.

మామూలు తెర మీద చేసి ఉంటే, ఏమేం పోతాయో అంతా చూపించి, సరేనా అని అడిగేది. తల్లి భుజం వెనక నిలబడి ఉంది. మహేశ్వరి ఆదేశాలు నేరుగా టైపు చేసే నల్ల తెర తెరిచి ఒక్క వరుస కొట్టింది. అది అడగలేదు. కానీ చేసిన తర్వాత ఏమేం పోయాయో ఒక వరుసలో చెప్పింది. ఆ వరుసను ఆమె చదవలేదు. అప్పటికే వెనక్కి తిరిగి, "అయిపాయక్కా" అంటోంది.

జరిగింది వేరు. ఆ ఫ్రేమ్‌వర్క్‌లో చైల్డ్‌ను తీసేస్తే దాని కింది పేరెంట్ కూడా పోతుంది. పేరెంట్‌ను పట్టుకుని వేలాడుతున్నవన్నీ దానితోపాటు పోతాయి. పోకూడదనుకుంటే, తీసేసే వరుసలో 'కీప్ పేరెంట్స్' అని ఒక మాట చేర్చాలి. వాళ్ళ పుస్తకంలో ఆ సంగతి ఒకటి రెండు వాక్యాల్లో ఉంది, దాచిపెట్టిందేమీ కాదు. బిడ్డ పోతే తల్లి కూడా పోయినట్టే కదా అని ఇక్కడ నిట్టూర్చేవాళ్ళు ఉంటారు. దయచేసి నిట్టూర్చకండి. అవి రెండు పట్టికలు. ఉచ్చీరమ్మ పోలేదు. మరుసటి రోజు పత్తికట్టె పీకడానికి కూలికి పోయింది.

ఫొటోల వరుసలు పోయినా, అసలు బొమ్మలు మాత్రం యంత్రంలో ఇంకా ఉన్నాయి. తమ వరుస పోయి ఒంటరిగా మిగిలిన ఇలాంటి ఫైళ్ళను ఆ వృత్తిలో అనాథలంటారు. పేర్లు పెట్టడంలో వాళ్ళకు మొహమాటం తక్కువ. చోటు చాలక, అనాథల్ని వెతికి ఊడ్చేసే ప్రోగ్రాము ఒకటి మహేశ్వరే రాసి పెట్టింది. అది ఆదివారాలు నడుస్తుంది. ఆ ఆదివారం కూడా నడిచింది.

ఇక్కడ ఇలా జరగడానికి ముందే ఉచ్చీరమ్మ ఊళ్ళో కూడా ఇలాంటిదే జరిగింది. చచ్చిపోయిన పిల్ల వస్తువులు ఇంట్లో ఉంటే తర్వాతి బిడ్డ నిలవదని అక్కడి పెద్దల మాట. గౌను, గాజులు, పలక, దేవరగట్టు జాతరకు పోయినప్పుడు తీయించుకున్న ఒకే ఒక ఫొటో, అన్నీ పిల్లతోపాటే గుంతలో వేయించారు. ఉచ్చీరమ్మకు అప్పుడు కాదనే ఓపిక లేదు. ఆధార్ ఇంకా తీయించలేదు. మొగుడు మిరపచేల నుంచి వచ్చేసరికి ఇల్లు ఊడ్చినట్టుంది. పెద్దలు జాలి లేనివాళ్ళని కాదు. వాళ్ళూ సరిగ్గా మహేశ్వరి లాగానే తల్లికి నొప్పి తగ్గించాలనుకున్నారు.

తొలకరి పడ్డాక ఉచ్చీరమ్మ మళ్ళీ మెట్లెక్కింది. ఈసారి కోపంగా లేదు. చెప్పులు బయట విడిచి వచ్చి కూర్చుంది. కాసేపు ఫ్యాను చూసింది.

"ఫోను రావడం లేదు కదక్కా?" అంది మహేశ్వరి.

"లేదు. వచ్చేటప్పుడు దినామూ తిట్టుకుంటాంటి. ఇప్పుడు పొద్దున ఆ యాళకు ఫోను సూసుకుంటా. ఊళ్ళో దాని పేరెత్తితే సాలు, మర్సిపోవే మర్సిపోవే అని నన్ను గదమాయిస్తారు. నువ్వొగదానివే అడుగుతాంటివి, ఎందుకు రాలేదు ఎందుకు రాలేదని."

మహేశ్వరి లేచి ఆమెకు నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

"నాకొగ ఫొటో గావాలమ్మా. ఆయమ్మ దినామూ తీస్తాండె గదా. ఒగటియ్యి. ఇంట్లో పెట్టుకోను, మావాళ్ళు ఊరుకోరు. మా అమ్మకాడ దాపెట్టుకుంటా. నాకు దాని మొగం రావడం లేదు. కండ్లు మూసుకుంటే ఆసుపత్రిలో మొగమే వస్తాది. మంచిగుండేది రావడం లేదు."

"ఎందుకు లేవక్కా, అన్నీ ఉంటాయి" అంది మహేశ్వరి. ఆ మాట అనగలిగినందుకు ఆమె గొంతు తేలికపడింది కూడా. "ఆపొద్దు నేను పిల్లను ఒక్కదాన్నే తీసినా. మనిషిని తీయలేదు."

"అదేందమ్మా," అంది ఉచ్చీరమ్మ, "పిల్ల మనిషి కాదా?"

ఎగతాళి కాదు. నిజంగానే అడిగింది.

మహేశ్వరి వెతికింది. రాధిక పేరు లేదు. ఊరి పేరుతో వెతికింది. తల్లి ఫోను నంబరుతో వెతికింది. ఉచ్చీరమ్మ ఉంది, రాధిక లేదు. అప్పుడు పుస్తకం తెరిచి, తనకు తెలుసనుకున్న ఆ చోటు మొదటిసారి సరిగ్గా చదివింది. తర్వాత నకళ్ళు దాచే చోటు చూసింది. సంస్థ పెట్టుకోగలిగిన నకళ్ళు నెల నాళ్ళవి. పాతవాటి మీద కొత్తవి పడుతూ పోతాయి. ఎండాకాలం మొత్తం గడిచిపోయింది.

అమర్‌నాథ్ సంగతి అర్థం చేసుకుని ఆమెను గుమ్మం అవతలికి పిలిచాడు. "సర్వరు చెడిపోయిందని చెప్దాం. నిజం చెప్పి ఇంకా ఎందుకు బాధపెట్టడం?"

"ఆమెకు సర్వరంటే తెలీదు సార్. తీసెయ్యడమంటే తెలుసు" అంది మహేశ్వరి. వెళ్ళి ఉచ్చీరమ్మ ముందు నిలబడింది. "నేనే తీసేసినానక్కా. ఫోను ఒక్కటే ఆగుతాదనుకుంటి. ఫొటోలు గూడా పోయినాయి. మళ్ళా రావు."

ఉచ్చీరమ్మ ఆమె ముఖంలోకి చూసింది.

"నేనే గదమ్మా తీసెయ్యమంటిని" అంది.

తిట్టి ఉంటే బాగుండేది. మహేశ్వరి కుర్చీలో కూర్చుంది. ఏదో ఒకటి చేయాలి కనుక, చేతులు ఊరికే ఉండలేవు కనుక, ఆ బాలవాడి ఫొటోలు ఒక పొద్దువి తెరిచింది. రాధిక వచ్చిన రోజుల్లోదే. మొదటి ఫొటో ఉండవలసిన చోట ఏమీ లేదు. రెండోదాంతో మొదలైంది. పావని. గడప మీద నిలబడి, నోట్లో వేలు, నుదుట పెద్ద బొట్టు, వెనక తెరిచిన తలుపు.

ఉచ్చీరమ్మ కుర్చీలోంచి లేచింది.

"అదో. అది రాధిక."

"కాదక్కా, పావని ఆ పిల్ల."

"పావని గాదు. యెనక సూడు. లోపలికి పోతాండాది సూడు."

పావని భుజం పక్కన, తలుపు లోపలి మసక వెలుతురులో, లోపలికి నడుస్తున్న ఒక చిన్న పిల్ల వీపు. రెండు జడలు. ఒకదానికి ఎర్ర రిబ్బను. రెండోదానికి రిబ్బను కాదు, ఏదో పూల గుడ్డ పీలిక.

"ఒగ రిబ్బను యాడో పారేసుకునింది" అంది ఉచ్చీరమ్మ. "నా పాత సీర సించి కట్టినా. దినామూ ఏడుస్తాండె, రెండూ ఎర్రవే గావాలని. సంతలో తెస్తాలే అంటి."

తెర మీద ఆ వీపును వేలితో తాకింది. ఆయమ్మ ట్యాబులో లాగా వేలు తగలగానే బొమ్మ కదలలేదని కాస్త విస్తుపోయినట్టు చూసింది.

మహేశ్వరి తర్వాతి రోజుది తెరిచింది. పావని, బొట్టు, వెనక ఆ వీపు. ఆ తర్వాతి రోజుది. గౌను మారింది, జడలు అవే. రాధిక మొదటి పిల్ల, పావని రెండో పిల్ల. పావని గడప ఎక్కేసరికి రాధిక ఎప్పుడూ లోపలికి పోతూనే ఉంటుంది. సొంత ఫొటోలన్నీ పోయిన పిల్ల ఇంకొక పిల్ల ఫొటోల అంచున అన్ని పొద్దులూ ఉంది. ఆ ఫొటోలను రాధికవని ఏ పట్టికా అనుకోలేదు కనుక వాటిని ఎవరూ తీసేయలేదు.

ఇద్దరూ ఒక్కొక్కటే చూసుకుంటూ పోయారు. ఉచ్చీరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఇది జాతర అయినాక. కొత్త గౌను సూడు." "ఇది జలుబు సేసినప్పుడు. తలకు గుడ్డ కట్టినా." ఒకదాంట్లో వీపు మీద అన్నం మెతుకు అంటుకుని ఉంది. అది చూసి నవ్వింది కూడా. "ఊరికే ఉరుకుతాది. తుడిసేదాకా నిలబడదు."

మహేశ్వరి వెతుకుతున్నది మాత్రం వేరే. తల్లి అడిగింది ముఖం. ఎన్నో పొద్దుల్లో ఒక్క పొద్దన్నా, పావని పిలిస్తేనో, బయట కుక్క మొరిగితేనో, ఆ పిల్ల తల తిప్పి ఉంటుంది. పక్కముఖం చాలు, చెంప చాలు. తెరిచింది, మూసింది, తెరిచింది. మిగతా పిల్లల ఫొటోల్లో అందరూ తిరిగి చూస్తున్నారు. గడప దాటి నాలుగడుగులు వేసి, పోతున్న తల్లి కోసం మెడ సాచి, మూతి విరిచి, ఏడుస్తూ తిరిగి చూస్తున్నారు. బాలవాడిలో పొద్దున పిల్లలు చేసే పనే అది. రాధిక ఒక్కటే చూడదు. ప్రతి ఫొటోలోనూ వీపు నిటారుగా, జడలు రెండూ కిందికి, నేరుగా లోపలికి.

చివరి పొద్దు కూడా అయిపోయింది. ఆ తర్వాతి ఫొటోలో పావని వెనక ఉత్త తలుపు.

"అక్కా," అంది మహేశ్వరి, తెర వైపే చూస్తూ, "ఒక్కదాంట్లో గూడా మొగం లేదు. ఇంగో తూరి మొదట్నుంచి సూస్తా. యాడన్నా తిరిగింటాది."

"తిరగదులే."

"ఎట్ల తిరక్కుండా ఉంటాదక్కా? అంత సిన్న పిల్ల."

ఉచ్చీరమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. పీలిక కట్టిన జడ మీదనే ఉంది ఆమె చూపు.

"తిరగొద్దని నేనే సెప్పింటి. మొదట్లో దినామూ తిరిగి సూసి ఏడుస్తాండె. అది ఏడిస్తే నాకు కాలు కదలదు. ఆటో పోతాది, కూలి పోతాది. యెనక్కి తిరిగి సూస్తే సాయంత్రం రానే రానని బెదిరిచ్చినా. ఆ పొద్దునుంచి తిరగలేదు. మాట వినే పిల్ల."

ఆ ఫొటోలన్నీ మహేశ్వరి కింది అంగట్లో అచ్చు వేయిస్తానంది. అన్నీ వద్దంది ఉచ్చీరమ్మ, ఒకటి చాలంది. వీపుకు అన్నం మెతుకు అంటుకున్నది ఎంచుకుంది. పావనిని కోసెయ్యాలా అని అంగడతను అడిగితే, ఉండనీ, ఆ పిల్లను తీయొద్దు అంది. అచ్చును రవికెలో దోపుకుని ఆలూరు ఆటో ఎక్కింది. ఆటో మలుపు తిరిగేదాకా మహేశ్వరి ఆ రోడ్డు మీద నిలబడే ఉంది.